డోడో దీవిలో మన ముంగిస

ముంగిస, రామచిలుక, గోరువంక, చుంచెలుక, తొండ... తెలుగు పల్లెలో పుట్టి పెరిగినవాళ్లకు వీటిని పరిచయం చేయనక్కర్లేదు. పొలం గట్ల మీద, చెట్టు తొర్రల్లో, వంటింటి మూలల్లో తమ బతుకేదో తాము బతుకుతుంటాయి. ఇవే జీవులు హిందూ మహాసముద్రం నడుమనున్న మారిషస్ దీవిలో దిగాక అక్కడి ప్రాణులకు ముప్పుగా మారాయి. ప్రపంచంలో ఇంకెక్కడా లేని పక్షులు, బల్లులు, పాములు వీటి ధాటికి నిలవలేకపోయాయి. ఇవేవీ అంత సముద్రాన్ని వాటంతట అవి దాటలేదు. మనిషే తెలిసి కొన్నిటిని, తెలియక కొన్నిటిని ఓడెక్కించాడు.

మారిషస్ తెలుగువాళ్లకు పరాయి దీవి కాదు. 1830ల నుంచి అక్కడి చెరకు తోటల్లో పనికోసం ఒప్పంద కూలీలుగా వెళ్లిన లక్షలాది భారతీయుల్లో మనవాళ్లూ ఉన్నారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఒకప్పుడు కళకళలాడిన కోరంగి రేవు నుంచి ఎందరో ఓడలెక్కారు. ఇవాళ ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. ఆ మనుషుల చెమటతో దీవి పచ్చబడింది. అదే సముద్రపు దారుల్లో వెళ్లిన జంతువుల కథ మాత్రం కన్నీటి కథ. ఆ కన్నీళ్లు తుడవడానికి అక్కడ 50 ఏళ్లుగా జరుగుతున్న పని మనం తెలుసుకోవాల్సినది. ఎందుకంటే మన దేశానికీ దీవులున్నాయి. అండమాన్‌లో, నికోబార్‌లో ఇదే కథ ఇప్పుడు నడుస్తోంది.

భయమెరుగని పక్షి

మారిషస్ అగ్నిపర్వతం నుంచి పుట్టిన దీవి. సముద్రం నడుమ ఒంటరిగా లేచింది కాబట్టి పిల్లి, ఎలుక, పంది, కోతి లాంటివేవీ అక్కడికి చేరలేదు. గబ్బిలాలు తప్ప పాలిచ్చే నేల జంతువు ఒక్కటీ లేదు. వేటాడేవాడు లేనిచోట పారిపోవాల్సిన అవసరం ఉండదు. లక్షల ఏళ్లలో అక్కడి పావురం ఒకటి ఒళ్లు పెంచుకుని, రెక్కలు కుదించుకుని, ఎగరడం మానేసి నేల మీదే గుడ్డు పెట్టే పక్షిగా మారింది. అదే డోడో.

1598లో డచ్చి ఓడలు మారిషస్ తీరం చేరాయి. డోడోను చివరిసారిగా చూసినట్టు ఎక్కువమంది పరిశోధకులు ఒప్పుకునే సంవత్సరం 1662. అంటే 64 ఏళ్లు. నావికులు కొట్టుకు తినేయడం వల్లే డోడో అంతరించిందని బడిలో చదువుకున్నాం. తిన్న మాట నిజమే. అయితే డచ్చివాళ్ల కాలంలో ఆ దీవిలో మనుషులు కొన్ని వందలకు మించి ఎన్నడూ లేరు. దీవి నిండా దట్టమైన అడవి. అడవిలో ఉన్న ప్రతి డోడోనూ వెతికి చంపడం ఆ కొద్దిమందికి అయ్యే పని కాదు. ఆ పని ఓడల్లోంచి దిగిన ఎలుకలు, పందులు, కోతులు చేశాయి. నేల మీద గుడ్డు కనబడితే చాలు, అవి వదిలిపెట్టలేదు. తల్లిపక్షి బతికే ఉన్నా పిల్ల మిగలని జాతి ఒకటి రెండు తరాల్లో ముగిసిపోతుంది.

డోడో ఉందనడానికి సరైన ఆనవాళ్లు కూడా చాలాకాలం దొరకలేదు. అది కట్టుకథ అనుకున్నవాళ్లూ ఉన్నారు. 1865లో దీవి ఆగ్నేయాన రైలుమార్గం పనులు జరుగుతుండగా మార్ ఓ సాంజ్ అనే బురద మడుగులో కూలీలు మట్టి తవ్వుతుంటే ఎముకలు బయటపడ్డాయి. జార్జ్ క్లార్క్ అనే బడిపంతులు ఆ మడుగులో వెతికించి డోడో ఎముకల్ని పైకి తీయించాడు. ఇవాళ ప్రపంచ మ్యూజియాల్లో మనం చూసే డోడో అస్థిపంజరాలు చాలావరకు ఆ మడుగులోవే.

ఇందులో మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. 2002లో డోడో ఎముకలోని డీఎన్ఏను పరీక్షించిన శాస్త్రవేత్తలు, బతికున్న పక్షుల్లో దానికి అత్యంత దగ్గరి చుట్టం నికోబార్ పావురమని తేల్చారు. పచ్చలు పొదిగినట్టు మెరిసే మెడ ఈకలు, తెల్లని తోక ఉన్న ఆ పక్షి పేరే చెబుతోంది దాని ఇల్లెక్కడో. డోడో వంశంలో మిగిలినదాన్ని కాపాడే బాధ్యత కొంత మన దేశం మీదా ఉంది.

ఒక్కో తప్పుకు ఒక్కో జంతువు

డోడో పోయాకయినా మనిషి ఆగలేదు. ఒక తప్పును దిద్దడానికి ఇంకో జంతువును తెచ్చాడు. పంటల మీద మిడతలు పడుతున్నాయని 1762లో భారతదేశం నుంచి గోరువంకల్ని తెప్పించారు. ఎలుకలు పెరిగి ప్లేగు వచ్చిందని 1900 ప్రాంతంలో మన ముంగిసను దింపారు. ముంగిస పగటి వేటగత్తె. ఎలుక రాత్రి తిరుగుతుంది, పైగా చెట్లెక్కుతుంది. రెండూ ఒకదానికొకటి ఎదురుపడేదే తక్కువ. పగలు కళ్లెదుట తేలిగ్గా దొరికే పక్షిపిల్లలు, బల్లులు ఉండగా ముంగిసకు ఎలుకతో ఏం పని? హవాయి దీవుల్లోనూ, కరీబియన్ దీవుల్లోనూ చెరకు రైతులు ఇదే పని చేసి ఇదే ఫలితం చూశారు.

పంజరాల్లోంచి తప్పించుకున్న రామచిలుక 19వ శతాబ్దం చివరికల్లా అడవికెక్కింది. మారిషస్‌కు సొంత చిలుక ఒకటుంది, ఎకో చిలుక అంటారు. చూడటానికి రెండూ అక్కచెల్లెళ్లలా ఉంటాయి. ఎకో చిలుక ముసలి చెట్ల తొర్రల్లోనే గూడు పెడుతుంది. చెరకు కోసం అడవి నరికాక అలాంటి చెట్లే కరువయ్యాయి. మిగిలిన ఆ కొన్ని తొర్రల కోసం రామచిలుకా, గోరువంకా పోటీకొచ్చాయి. తలపై తురాయి ఉండే పిగిలిపిట్ట, కోతులు కలిసి చైనా జామ విత్తనాల్ని అడవి అంతటా చల్లాయి. ఆ జామ పొదలు ఎంత చిక్కగా అల్లుకుంటాయంటే కింద మరో మొలక తలెత్తలేదు. చెక్కుచెదరని అసలు అడవి ఇప్పుడు దీవిలో 2 శాతం కూడా లేదు.

ఇక ఓడల్లో దేశదేశాలకు పాకిన నల్ల ఎలుక. దాని పుట్టిల్లు కూడా మన ఉపఖండమే.

నాలుగు పక్షుల నుంచి

1974 నాటికి మారిషస్ కెస్ట్రెల్ అనే చిన్న డేగ ప్రపంచం మొత్తం మీద నాలుగంటే నాలుగే మిగిలినట్టు లెక్క తేలింది. వాటిలో గుడ్లు పెట్టే ఆడపక్షి ఒక్కటే. అడవి నరికివేత, మలేరియా దోమల కోసం చల్లిన డీడీటీ, ఆపైన కోతులు, ముంగిసలు, పిల్లులు, ఎలుకలు కలిసి దాన్ని ఆ స్థితికి తెచ్చాయి. 1979లో వేల్స్‌కు చెందిన కార్ల్ జోన్స్ అనే పాతికేళ్ల యువకుడు అక్కడికి వెళ్లాడు. ఇక లాభం లేదు, కార్యక్రమాన్ని మూసేసి రమ్మని పెద్దలు ఆయన్ను పంపారు. ఆయన మూయలేదు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ దీవి జీవుల కోసమే పనిచేశాడు.

ఆయన చేసింది వినడానికి సులువు. గూట్లోంచి మొదటి విడత గుడ్లు తీసి ఇంక్యుబేటర్‌లో పొదిగించడం. గుడ్లు పోయాయనుకుని తల్లి రెండో విడత పెడుతుంది. తల్లికి మేత అందించడం, పెట్టెల్లాంటి గూళ్లు కట్టివ్వడం, పిల్లల్ని అడవిలో వదలడం, వదిలిన చుట్టుపక్కల ముంగిసల్ని, పిల్లుల్ని బోనులు పెట్టి పట్టడం. ఈ చివరి పని లేకపోతే ముందు చేసినవన్నీ వృథా. నాలుగు పక్షుల జాతి ఇప్పుడు కొన్ని వందలకు చేరింది.

గులాబి పావురం కథా అంతే. 1990 నాటికి అడవిలో పదికి మించి లేవు. ప్రకృతి రచయిత జెరాల్డ్ డరెల్ 1970ల్లోనే ఆ దీవికి వెళ్లి దీన్ని కాపాడే పనికి నాంది పలికాడు. 1984లో ఏర్పడిన మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ ఆ పనిని అందుకుంది. పెంపుడు గువ్వల కింద పావురం గుడ్లు పెట్టి పొదిగించారు. ఇవాళ అడవిలో 400కు పైగా ఉన్నాయి. 1980ల్లో పది పన్నెండుకు పడిపోయిన ఎకో చిలుక ఇప్పుడు 700 దాటింది. అంతరించే జాతుల ప్రపంచ పట్టికలో ఈ రెండూ అత్యంత ప్రమాద స్థాయి నుంచి రెండు మెట్లు పైకెక్కాయి.

ఈ అంకెలు చూసి గెలిచేశామనుకోవడం పొరపాటు. గులాబి పావురానికి ఇప్పటికీ మనిషి గింజలు పెడుతున్నాడు. గూళ్ల చుట్టూ ఎలుకల కోసం మందు పెట్టే మనిషి ఈ వారం మానేస్తే వచ్చేవారం గుడ్లు ఉండవు. పెద్ద దీవిలో ఎలుకను పూర్తిగా తుడిచేసే మార్గం ఇంకా లేదు. అందుకే అక్కడివాళ్లు చిన్న దీవుల వైపు చూశారు.

మేకలు తిన్న దీవి

మారిషస్‌కు ఉత్తరాన 20 కిలోమీటర్లకు పైగా దూరంలో రౌండ్ ఐలాండ్ ఉంది. నిటారు రాతి గట్టు, పడవ ఆనించడమే కష్టం. ఆ కష్టమే దాన్ని కాపాడింది, ఎలుక అక్కడికి ఎన్నడూ చేరలేదు. కానీ 19వ శతాబ్దంలో ఎవరో మేకల్ని, కుందేళ్లను వదిలారు. తాటి జాతి చెట్లతో నిండిన అడవిలో ప్రతి మొలకనూ అవి కొరికేశాయి. ముసలి చెట్లు కూలుతుంటే వాటి చోట లేచే లేతచెట్టు లేదు. వేళ్లు పట్టి ఉంచని మట్టి ప్రతి తుపానుకూ సముద్రంలోకి కొట్టుకుపోయింది.

మన హోటళ్ల ముంగిట, అపార్టుమెంట్ల గేట్ల దగ్గర మొదలు సీసాలా ఉబ్బి కనిపించే బాటిల్ పామ్ మొక్క మీకు తెలుసు. నర్సరీల్లో కావలసినన్ని దొరుకుతాయి. దాని సొంతూరు ఈ రౌండ్ ఐలాండ్. ప్రపంచమంతా తోటల్లో పెరుగుతున్న ఆ చెట్టు తన సొంత నేల మీద పది లోపుకు పడిపోయింది.

1979లో మేకల్ని తొలగించారు. 1986లో న్యూజిలాండ్ నుంచి వచ్చిన డాన్ మెర్టన్ బృందం కుందేళ్లను తొలగించింది. మొలకలు లేచాయి, తాటి చెట్లు తిరిగొచ్చాయి, బల్లుల సంఖ్య పెరిగింది. అయితే ఆ దీవి మట్టిలో దూరి బతికే ఒక పాము, రౌండ్ ఐలాండ్ బొరియ బోవా, చివరిసారిగా 1975లో కనిపించింది. మట్టే కొట్టుకుపోయాక అది దూరడానికి చోటేదీ? చివరి కుందేలు పోవడానికి 11 ఏళ్ల ముందే అది పోయింది. దాని దగ్గరి బంధువైన ఇంకో బోవా మాత్రం మిగిలింది. పై దవడ ఎముక మధ్యలో కీలులా మడతపడే ఆ పాము వెన్నెముక ఉన్న జీవుల్లోనే విచిత్రం. ఎవరో పదేళ్లు ముందుగా మేల్కొని ఉంటే రెండూ ఉండేవన్న బాధ నన్ను వదలదు.

మేకలు, కుందేళ్లు పోయాక కొత్త చిక్కొచ్చింది. అప్పటిదాకా వాటి నోటికి బలైపోయిన విదేశీ కలుపు ఇప్పుడు ఏపుగా పెరగసాగింది. ఒకప్పుడు ఆ దీవుల్లో గడ్డి మేసిన రాక్షసి తాబేళ్లు ఎప్పుడో అంతరించాయి. వాటి స్థానంలో 2007లో అల్డాబ్రా దీవుల జాతి తాబేళ్లను తెచ్చి వదిలారు. అంతకుముందే, 2000లో, ఎలుకల్ని పూర్తిగా తొలగించిన 26 హెక్టార్ల ఇల్ ఓజ్ ఎగ్రెట్ అనే పగడపు దీవిలో ఇదే ప్రయత్నం చేశారు. తాబేళ్లు అక్కడి నల్లచేవ చెట్ల పండ్లు తిని, గింజల్ని దీవంతా విసర్జించాయి. తల్లిచెట్టుకు దూరంగా కొత్త నల్లచేవ మొక్కలు లేచాయి. చచ్చిపోయిన జాతి చేసే పనిని బతికున్న చుట్టంతో చేయించడం, అదీ పరాయి జంతువుతోనే, తేలిగ్గా తీసుకున్న నిర్ణయం కాదు. తాబేలు నెమ్మది, తీసేయాలంటే ఎత్తి తీసేయవచ్చు. ఆ ధైర్యంతోనే తెచ్చారు.

ఏ జంతువును ముందు, దేన్ని తర్వాత తొలగించాలన్న వరుస తప్పితే ఏమవుతుందో ఆస్ట్రేలియాకు చెందిన మెక్వారీ దీవి చూపింది. అక్కడ పిల్లులు సముద్రపక్షుల్ని తింటున్నాయని 2000 నాటికి చివరి పిల్లినీ తొలగించారు. పిల్లులు కుందేళ్లనూ తినేవి. పిల్లి పోవడం, అప్పటిదాకా కుందేళ్లను అదుపు చేస్తున్న వ్యాధి బలహీనపడటం కలిసి కుందేళ్లు విరగబడ్డాయి. కొండవాలు పచ్చదనం పోయి, 2006లో కొండచరియ విరిగి పెంగ్విన్ల మీద పడింది. చివరికి కుందేళ్లు, ఎలుకలు, చిట్టెలుకల్ని ఒకేసారి తొలగించాకే, 2014లో, దీవి తేరుకుంది.

ఒక్క ఎలుక

దీవిలో వెయ్యి ఎలుకల్లో 999 పట్టినా పని కానట్టే. గడ్డివాములో ఒక్క నిప్పురవ్వ మిగిలితే చాలదా! 2004లో న్యూజిలాండ్ పరిశోధకుడు జేమ్స్ రసెల్ ఇది తేల్చిచూశాడు. ఎలుకల్లేని ఒక చిన్న దీవిలో, మెడకు రేడియో పట్టీ కట్టిన ఒక్క మగ ఎలుకను వదిలాడు. బోనులు, ఎర, శిక్షణ పొందిన కుక్కలు, అన్నీ ఉన్నాయి. అయినా అది దొరకలేదు. 400 మీటర్ల సముద్రం ఈది పక్క దీవికి చేరింది. 18 వారాల తర్వాత, పెంగ్విన్ మాంసం ఎరగా పెట్టిన బోనులో పడింది. ఒక్క ఎలుకకు ఇంత శ్రమ! దీవిలోకి రానివ్వకపోవడమే అన్నిటికంటే చవక అన్న సంగతి దీనికంటే గట్టిగా చెప్పే రుజువు నాకు కనిపించలేదు.

అందుకే రౌండ్ ఐలాండ్‌కు వెళ్లే పరిశోధకుల సామాన్లన్నీ విప్పి చూస్తారు. మేజోళ్లకు అంటిన గింజనైనా వదలరు. ఆక్లాండ్ విమానాశ్రయంలో దిగే తెలుగువాళ్లకూ ఇది అనుభవమే. సంచిలో పండో, విత్తనాలో ఉండి చెప్పకపోతే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్లు కడిగించి పంపుతారు. అమ్మ పంపిన గింజల పొట్లాన్ని చెత్తబుట్టలో వేస్తుంటే మనసు చివుక్కుమంటుంది. కానీ ఆ అధికారి చేస్తున్నది సరైన పని.

చంపడం న్యాయమా?

ఈ ప్రశ్న తప్పించుకోకూడదు. ఎలుక మనకు వినాయకుడి వాహనం, కోతి హనుమంతుడి రూపం. మారిషస్‌లోనూ అంతే. గంగా తలావ్ తీర్థానికి వచ్చే భక్తులు పెట్టే పళ్లు అక్కడి కోతులకు అలవాటు. అవే కోతులు అడవిలో గులాబి పావురం గుడ్లు తాగేస్తాయి. ఎలుకమందు తిన్న జంతువు లోపల రక్తం కారి, రోజుల తరబడి బాధపడి చస్తుంది. ఇది తెలిసీ ఆ పని చేయాలా?

నా వరకు సమాధానం, చేయాలి. ఎలుకకు ప్రపంచమంతా ఇల్లే. ఆ పావురానికి ఆ ఒక్క దీవే. ఏమీ చేయకుండా చేతులు కట్టుకుంటే అదీ చంపడమే, చచ్చేది మాత్రం వేరే జీవి. అయితే రెండు షరతులు. బాధ తక్కువగా ఉండే పద్ధతి ఉన్నప్పుడు అదే వాడాలి. మళ్లీ అవే జంతువులు దిగకుండా రేవు దగ్గర కాపలా పెట్టకుండా చంపడం మొదలుపెట్టకూడదు. ఆ కాపలా లేకపోతే చచ్చిన ప్రతి ప్రాణీ ఊరికే చచ్చినట్టు.

2023లో ఐక్యరాజ్యసమితి ఆశీస్సులతో పనిచేసే ఐపీబీఈఎస్ శాస్త్రవేత్తల బృందం ప్రపంచ నివేదిక విడుదల చేసింది. భూమ్మీద అంతరించిన జాతుల్లో 60 శాతం విషయంలో పరాయి జీవుల పాత్ర ఉందని అది తేల్చింది. పరాయి జీవుల కారణంగా అంతరించిన వాటిలో పదికి తొమ్మిది దీవులవే. 2019లో ఈ చొరబాట్ల వల్ల ప్రపంచం పోగొట్టుకున్నది ఏడాదికి 42,300 కోట్ల డాలర్లకు పైమాటే.

మన దీవుల మాటేమిటి

అండమాన్ నికోబార్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలెన్నో. విశాఖ నుంచి నేరుగా ఓడ ఉంది. కాబట్టి ఇది మన ఇంటి సంగతి.

20వ శతాబ్దం తొలినాళ్లలో తెల్లదొరలు వేట సరదా కోసం అండమాన్‌లో చుక్కల జింకల్ని వదిలారు. పులి లేదు, చిరుత లేదు. జింక ఈదుతుంది కూడా, దీవి నుంచి దీవికి పాకింది. ఇవాళ పర్యాటకులు వాటితో ముచ్చటగా ఫొటోలు దిగుతారు. అడవి లోపల మాత్రం లేత మొక్కలు మాయమై, పొదలు పలచబడి, వాటిని ఆశ్రయించే బల్లులు తగ్గిపోయాయని పరిశోధకులు చూశారు. 1962లో ఒక కలప కంపెనీ మూతపడి ఇంటర్‌వ్యూ దీవిలో ఏనుగుల్ని వదిలేసి పోయింది. అవి అడవి ఏనుగులయ్యాయి, చెట్ల బెరడు ఒలిచాయి. ఆఫ్రికా రాక్షస నత్త తోటల్ని తింటోంది.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది మన బోదురుకప్ప. 2000 తర్వాత అండమాన్‌లో కనిపించి పదేళ్లలో దీవి తర్వాత దీవికి పాకింది. చెరువుల్లో పెంచడానికి తెచ్చే చేపపిల్లల నీళ్లలో దాని తోకకప్పలు కలిసొచ్చాయి. ఈ తోకకప్పలు మాంసం తింటాయి. స్థానిక కప్పల పిల్లల్ని మింగేస్తాయని ప్రయోగాల్లో తేలింది. పెద్ద కప్ప బల్లుల్ని, చేపల్ని, పెరట్లోని కోడిపిల్లల్ని సైతం మింగుతోందని రైతులే చెబుతున్నారు. మన పొలంలో పురుగుల్ని తిని మేలుచేసే కప్పే ఇది. ఇక్కడ పాము ఉంది, కొంగ ఉంది, దానితో వేల ఏళ్లుగా బతకడం నేర్చిన ఇతర కప్పలున్నాయి. అక్కడి కప్పలకు ఆ పరిచయం లేదు.

ఇప్పుడు గ్రేట్ నికోబార్‌లో 130 చదరపు కిలోమీటర్ల అడవిని వినియోగించి గలాథియా తీరంలో పెద్ద ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కట్టే పథకానికి 2022లో పర్యావరణ అనుమతి వచ్చింది. ఈ పథకం మంచిచెడ్డల మీద చర్చ ఎంతో ఉంది. నేనడిగేది ఒక్కటే. దేశదేశాల కంటెయినర్లు దిగే రేవులో ప్రతి కంటెయినర్‌తోనూ ఎలుక, చీమ, పాము, విత్తనం దిగగలదు. డోడో చుట్టం తిరిగే దీవి అది, సముద్రతీర ఆకుల గుట్టల్లో గుడ్లు దాచే మెగాపోడ్ పక్షి ఉండే దీవి అది. రేవు కట్టకముందే అక్కడ ఎలుకల నిఘా, ఓడల తనిఖీ, శిక్షణ పొందిన కుక్కలు, పనిచేసే మనుషులు ఉండాలి. కట్టాక చూద్దామన్న దీవుల గతి పైన చదివాం.

పాఠకులకూ ఒక మాట. అండమాన్‌లో బంధువులున్నవాళ్లు ఈసారి ఓడెక్కేటప్పుడు పెంపుడు తాబేలు, రంగుచేపలు, మట్టితో సహా మొక్కలు తీసుకెళ్లకండి. అక్కడ చెరువు వేసిన తెలుగు రైతులు చేపపిల్లల సంచిని చెరువులో ఒంపేముందు వల పరిచిన తొట్టిలో పోసి, తోకకప్పలున్నాయేమో చూసి ఏరెయ్యండి. కొత్త కప్ప, కొత్త నత్త, కొత్త పాము కనిపిస్తే ఫొటో తీసి అటవీశాఖకు వెంటనే చెప్పండి. మొదటి జంట దగ్గరే ఆపగలిగితే ఆగుతుంది. వెయ్యి అయ్యాక ఆగదు.